కొండెక్కించేది వెనక పళ్లే

నా దుకాణంలోకి కొత్త బండి ఏది వచ్చినా ముందు వెనక చక్రానికున్న పళ్లు చూస్తాను. ఆ తర్వాత ఏ దారిన తొక్కుతారని అడుగుతాను. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల మీదుగా షాద్‌నగర్ పోయి వచ్చేవారికి ఒక లెక్క, మన్ననూరు దాటి నల్లమల ఎక్కి శ్రీశైలం పోయేవారికి ఇంకో లెక్క. విదేశంలో కొండ పల్లెల రోడ్ల మీద తొక్కడానికి పోతున్నామని చెప్పేవారికి మూడో లెక్క. ఈ మూడోది నేను 2019 ఆగస్టులో ఫ్రాన్స్‌లో పారిస్-బ్రెస్ట్-పారిస్ అనే దూరపు సైకిల్ సవారీ తొక్కి నేర్చుకున్నాను.

మా నాయన కాలంలో ఈ దుకాణంలో సైకిళ్లు గంటల లెక్కన అద్దెకు పోయేవి. హీరో, అట్లాస్, హెర్క్యులిస్, అన్నీ నల్ల సైకిళ్లే. ముందు 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్లు. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి అయిదు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. ఆ ఒక్క గేరుతోనే పాల క్యాన్లు, గడ్డిమోపులు, పల్లీ బస్తాలు ఊళ్లోకి వచ్చేవి. ఎత్తు వస్తే దిగి నెట్టేవాళ్లు, దాన్ని ఎవరూ నామోషీ అనుకోలేదు. నాకు చక్రం వంకర తీయడం, కోన్లు బిగించడం, గోళీలకు గ్రీజు పెట్టడం వచ్చింది ఆ బళ్ల మీదే.

తర్వాత గేర్ల సైకిళ్లు వచ్చాయి, వాటితోపాటు బ్రెవేలు వచ్చాయి. బ్రెవే అంటే పందెం కాదు. గడువులోపు దూరం పూర్తిచేయాలి, దారిలో చెప్పిన చోట్ల కార్డు మీద ముద్ర వేయించుకోవాలి, అంతే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40. హైదరాబాద్‌లో మొదలైన బ్రెవేలు కర్నూలు వైపు 44వ నంబరు హైవే మీద మా మహబూబ్‌నగర్ జిల్లా గుండా, సూర్యాపేట వైపు 65వ నంబరు హైవే మీద నల్లగొండ జిల్లా గుండా సాగుతాయి. అవి తొక్కేవాళ్ల బళ్లు బాగుచేస్తూ, వాళ్ల వెనకే నేనూ తొక్కడం మొదలుపెట్టాను.

ఆ రోడ్ల గుణం చెప్పాలి. మాది మెట్ట సీమ. బండగుట్టలు చుట్టూ కనబడతాయి గానీ నాలుగు వరుసల రోడ్డు వాటిని ఎక్కదు, పక్కనుంచి పోతుంది. ఎత్తుంటే తవ్వి, పల్లముంటే మట్టి పోసి సాపు చేశారు. చాలాచోట్ల ఫ్లైఓవరే పెద్ద ఎక్కుడు. అక్కడ మన శత్రువులు ఎండ, ఎదురుగాలి, లారీలు. కాబట్టి మనవాళ్ల కాళ్లకు ఒకే పద్ధతి అలవాటవుతుంది: పెద్ద గేరు వేసి, తల వంచి, గంటల తరబడి ఒకే ఒరవడిలో తొక్కడం. చిట్యాల నుంచి నకిరేకల్ దాకా గేరు లీవర్ ముట్టుకోకుండా పోయేవాళ్లను చూశాను. వాళ్లు మంచి సైకిలిస్టులే. ఆ రోడ్డు వాళ్లనట్లా తయారుచేసింది.

పారిస్-బ్రెస్ట్-పారిస్ 1891లో మొదలైంది. ఇప్పుడు నాలుగేళ్లకొకసారి జరుగుతుంది. అదే ఏడాది 200, 300, 400, 600 బ్రెవేలు నాలుగూ పూర్తిచేసినవారికే ప్రవేశం. 2019లో పారిస్‌కు నైరుతిలో ఉన్న రాంబుయే అనే ఊరి నుంచి బయలుదేరి, అట్లాంటిక్ తీరంలోని బ్రెస్ట్ దాకా పోయి తిరిగి రావాలి. దూరం సుమారు 1,220 కిలోమీటర్లు, నేను ఎంచుకున్న గడువు 90 గంటలు. ఆరు వేల మందికి పైగా బయలుదేరితే వాళ్లలో మన దేశం వాళ్లు వందల్లో ఉన్నారు. ఆ దారిలో ఆల్ప్స్ లేదు, పిరనీస్ లేదు. అన్నిటికన్నా ఎత్తయిన చోటు బ్రిటనీలోని రాక్ ట్రెవెజెల్ దగ్గర, అదీ సముద్రమట్టానికి నాలుగు వందల మీటర్లలోపే. మహబూబ్‌నగర్ ఊరే అంతకన్నా ఎత్తులో ఉంది. కాగితం మీద ఈ అంకె చూసిన మనవాళ్లు గుండె నిబ్బరంతో విమానం ఎక్కుతారు.

చూడాల్సిన అంకె వేరే. ఆ దారి పొడుగునా ఎక్కిన ఎత్తులన్నీ కలిపితే సుమారు 12,000 మీటర్లు. పెద్ద కొండ ఒక్కటీ లేకుండా అంత ఎత్తు ఎట్లా పోగవుతుందంటే, చిన్న చిన్న మిట్టలు తెంపు లేకుండా వస్తాయి గనుక. మోర్తాన్ దాటాక, ఫూజేర్ దాటాక, లూదేయాక్ నుంచి కారే వైపు పోతున్నప్పుడు మరీను. దిగి ఊపిరి తీసుకునేలోపే మళ్లీ ఎక్కుడు. వాగు మీది వంతెన, ఎదురుగా నిలువు రోడ్డు, పైన చర్చి గోపురం, మళ్లీ వాగు.

మన ఘాట్ రోడ్డు బరువు మోసే బస్సుల కోసం వేసింది. మన్ననూరు నుంచి ఫరహాబాద్ వైపు ఎక్కేటప్పుడు మలుపులు తిప్పి తిప్పి ఏటవాలును ఒక అదుపులో ఉంచుతారు. ఒక గేరు కుదిరితే పైదాకా దాదాపు అదే నడుస్తుంది. ఫ్రాన్స్ పల్లె దారి అట్లా కాదు, చాలాచోట్ల మిట్టకు అడ్డంగా నేరుగా ఎక్కేస్తుంది. అడుగడుక్కీ ఏటవాలు మారుతుంది, దాంతోపాటు గేరూ మారాలి. ఘాట్ ఎక్కామనే ధైర్యంతో పోయినవారికి కూడా అక్కడ కొత్తగా నేర్చుకోవాల్సింది ఉంటుంది.

ఇక పళ్ల లెక్క. పందెం సైకిల్‌కు ముందు చిన్న పళ్లచక్రం 39, వెనక అన్నిటికన్నా పెద్దది 25 పళ్లు అనుకుందాం. పెడల్ ఒక చుట్టుకు బండి సుమారు 3.3 మీటర్లు పోతుంది. నిలువు ఎక్కుడులో గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగమే కుదిరితే, కాలు నిమిషానికి నలభై చుట్లు మాత్రమే తిరుగుతుంది. అంటే ప్రతి చుట్టులోనూ మోకాలి మీద పూర్తి బరువు పడుతుంది. అదే ముందు 34, వెనక 34 ఉంటే ఒక చుట్టుకు 2.1 మీటర్లు. అదే వేగానికి కాలు అరవైకి పైగా చుట్లు తిరుగుతుంది. చేసే పని అంతే, కానీ అది ఎక్కువ తొక్కులకు పంచుకుపోతుంది. మొదటి పద్ధతిలో నలభై మిట్టలు ఎక్కిన మోకాలు నలభై ఒకటో దాని దగ్గర మొండికేస్తుంది. ఆ ఫ్రాన్స్ దారిలో, చక్రాలు కాక తామే చెడిపోయి పక్కన కూర్చున్న బలమైన కుర్రాళ్లను చూశాను. వాళ్ల ఊపిరి బాగుంది, తొడలు బాగున్నాయి. మోకాళ్లు పోయాయి.

మొన్న నల్లగొండ నుంచి ఒక తమ్ముడు వచ్చాడు.

"అన్నా, కార్బన్ ఫ్రేమ్ కొంటే ఇంకో కిలో తగ్గుతదా?"

"తగ్గుతది తమ్మీ. నువ్వు, బండి, సామాను కలిస్తే ఎంతుంటరు?"

"ఎనభై అయిదు కిలోలు ఉండొచ్చు."

"అందుల కిలో తీస్తే నూటికి ఒక పాలు. ముందు వెనక పళ్లు మార్చుకో."

వెనక పళ్లు మార్చితే అయిపోదు. చైనును పళ్ల మీద అటూ ఇటూ జరిపే డీరెయిలర్ పొట్టిదైతే 34 పళ్లను అందుకోలేదు, దాన్ని కూడా పొడుగుదానితో మార్చాలి. చైను పొడుగు మళ్లీ కొలవాలి. పెద్ద పళ్ల మీదికి ఎక్కించినప్పుడు చైను తెగేట్టు బిగుసుకోకూడదు, చిన్న పళ్ల మీద వేలాడకూడదు. ఇదంతా చేసినా ఫ్రేమ్ ఖర్చులో పదో వంతు కాదు.

దిగడం గురించి మనవాళ్లు ఆలోచించరు, నాకది ఎక్కడంకన్నా ముఖ్యమనిపిస్తుంది. సాపు రోడ్ల మీద బ్రేకు కుక్కలకూ గేదెలకూ మాత్రమే పనికొస్తుంది. మిట్టల దారిలో రోజంతా పని దానిదే. రిమ్ బ్రేకైతే రబ్బర్లు కొత్తవి వేయాలి, మధ్యలో ఒకసారి మార్చడానికి జత వెంట ఉంచుకోవాలి. బ్రేకు నొక్కిపట్టి ఉంచితే రిమ్ము వేడెక్కుతుంది, నొక్కి వదిలి నొక్కాలి. మలుపు లోపల పట్టకుండా మలుపు రాకముందే వేగం తగ్గించాలి. మనం ఎడమ పక్కన తొక్కే అలవాటువాళ్లం, అక్కడ కుడి పక్కన పోవాలి. నిద్ర చాలని తెల్లవారుజామున ఆ తేడా ప్రాణం మీదికి వస్తుంది.

చలి కూడా దిగుడులోనే కొడుతుంది. ఆగస్టు నెలే అయినా ఆ రాత్రులు మా సంక్రాంతి రాత్రులకన్నా చల్లగా ఉన్నాయి. ఎక్కేటప్పుడు పట్టిన చెమట దిగేటప్పుడు మంచులా మారుతుంది, వేళ్లు బ్రేకు నొక్కనంటాయి. మిట్ట పైన ఆగి జాకెట్ వేసుకుని దిగడానికి పట్టే నిమిషం వృథా కాదు. జేబులో పాలమూరు పల్లీ పట్టీలున్నాయి, అవి ఏ చలికీ చెడలేదు. పల్లెల్లో అర్ధరాత్రి కూడా ఇంటి ముందు బల్ల వేసి, కాఫీ, నీళ్లు పెట్టుకుని పిల్లలతో సహా నిలబడ్డవాళ్లు ఉన్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్లకు పెట్టే ఆ చేతులు తలచుకుంటే ఇప్పటికీ నా మనసు నిండుతుంది.

బండిని విమానంలో పంపేటప్పుడు ఒక జాగ్రత్త. వెనక డీరెయిలర్‌ను విప్పి, బట్టలో చుట్టి, ఫ్రేమ్ లోపలికి కట్టాలి. అది తగిలించే ముక్క వంగితే ఏ గేరూ సరిగ్గా పడదు. ఆ ముక్క కొత్తది ఒకటి సంచిలో ఉండాలి. ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుందని మరవొద్దు.

సాధనకు మనం దూరం పోనక్కర్లేదు. మన్ననూరు నుంచి దోమలపెంట, అక్కడినుంచి శ్రీశైలం దాకా ఎక్కుడూ దిగుడూ రెండూ ఉన్నాయి. పులుల అడవి కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా గేటు మూసి ఉంటుంది, పగలే పోయి పగలే రావాలి. వికారాబాద్ అనంతగిరి ఉంది. ఇవి కాక మీ ఊరి గుట్ట మీది గుడిదారి ఉంటే అదే మేలు, ఫ్రాన్స్ పల్లె దారికి దగ్గర పోలిక దానిదే. పొట్టిగా, నిలువుగా ఉన్న ఆ దారిని పదేపదే ఎక్కి దిగండి, చిన్న గేరులో కాలు వేగంగా తిప్పడం అలవాటు చేసుకోండి.

వచ్చే పారిస్-బ్రెస్ట్-పారిస్ 2027లో. పోదామనుకునేవాళ్లు టికెట్ కొనకముందే, బండిని మీ మెకానిక్ దగ్గరికి తీసుకుపోయి, పోయే దారి ఎట్లాంటిదో ఆయనకు చెప్పండి.