సేవారుసుము చాటున

అమీర్‌పేట మెట్రో స్తంభములపై కోచింగు ప్రకటనల నడుమ ‘అప్పుల నుండి విముక్తి’ అను కాగితములు కానవచ్చును. పంజాగుట్టలోని మిత్రుడొకడు అట్టి కాగితములంటించిన మధ్యవర్తి సంస్థనొకదానిని ఆశ్రయించి, నెలనెలా కట్టిన సొమ్ములో కొంత నమోదు రుసుమునకును, కొంత సేవారుసుమునకును, ఆపై 18 శాతము జీఎస్టీకిని పోగా, అప్పిచ్చిన బ్యాంకునకు దమ్మిడీయైనను చేరలేదని ఫోనులో స్టేటుమెంటు చూపినపుడు నా మనస్సు చివుక్కుమన్నది.

బ్యాంకులు సమస్త రుసుములను, వార్షిక వ్యయశాతమును ఒక్క పత్రమున తెలుపవలెననియు, అందు లేని రుసుమును ఋణగ్రహీత స్పష్టమైన సమ్మతి లేక వసూలు చేయరాదనియు రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరు 1 నుండి కొత్త రిటైల్ టర్మ్ లోన్లకు విధించినది. మధ్యవర్తిని కూడ అట్టి పత్రమే అడుగుడు. ఇయ్యనివానికి సంతకము పెట్టకుడు. వాయిదాలు సవరింపుమని బ్యాంకునకు అర్జీ వ్రాసికొనుటకు మధ్యవర్తియే అక్కరలేదు.