శక్తి పాఠము

పిల్లలకు చెప్పు పాఠములలో శక్తిని గూర్చిన పాఠమంత తేలికగాఁ దోఁచి, అంత కష్టమైనది వేఱొకటి లేదని మాకిటీవలనే తెలిసినది. మూడవ తరగతి చదువుచున్న మా అమ్మాయి యొకనాఁటి సాయంకాలము చిన్నవోయిన మొగముతో నోటుపుస్తకము తెచ్చి మా యెదుట నుంచెను. శక్తి వనరులను వ్రాయుమన్న ప్రశ్నకు సూర్యుఁడు, గాలి, నీరు, బొగ్గు, పెట్రోలు అని వరుసగా వ్రాసి, చివర "నాయనమ్మ" అని చేర్చినది. ఆ కడపటి మాటపై ఎఱ్ఱసిరాతో అడ్డగీత యుండెను.

మేము మొదట నవ్వితిమి. పిదప, పెద్దలకు సహజమైన తొందరపాటుతో, పుస్తకములో లేనిదానిని వ్రాయవచ్చునా యని మందలించితిమి. పిల్ల యూరకుండలేదు. "బావిలో నీళ్లు నాయనమ్మే తోడేదని నువ్వే చెప్పావు కదా నాన్నా! ఇప్పుడు మోటారు తోడుతోంది. మోటారుకు కరెంటు కావాలి. మరి అప్పుడు ఆ శక్తి ఎక్కడిది?" అని యడిగెను. మా యొద్ద సమాధానము లేకపోయెను.

నిజము చెప్పవలసినచో, మేము చదువుకొన్న నాఁడు శక్తి రూపములను వల్లించితిమే కాని గ్రహింపలేదు. యాంత్రికశక్తి, ఉష్ణశక్తి, కాంతిశక్తి, విద్యుచ్ఛక్తి, రసాయనికశక్తి యని గుక్కతిప్పుకొనక చెప్పి మార్కులు తెచ్చుకొంటిమి. అరచేతులు రుద్దినచో వెచ్చఁబడునని పసివానికిని దెలియును. ఆ వెచ్చదనము చేతుల కదలికయే రూపు మార్చుకొని వచ్చినదని మాకెవ్వరును జెప్పలేదు.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట పుస్తకము మూసి పాఠము మొదలుపెట్టితిమి. మీట నొక్కగానే వెలిఁగిన దీపమునుండి వెనుకకు నడిచితిమి. రామగుండములో సింగరేణి బొగ్గు మండి నీరు ఆవిరియగును. ఆవిరి చక్రమును ద్రిప్పును. చక్రము తిరుగఁగా విద్యుత్తు పుట్టును. శ్రీశైలములో అట్టి చక్రమును ఎత్తునుండి దుమికెడి కృష్ణనీరు త్రిప్పును. అనంతపురము జిల్లా గుట్టలమీద గాలి త్రిప్పును. కర్నూలు ప్రాంతమున పఱచిన సౌరఫలకములకు చక్రమే యక్కఱలేదు. ఎండయే నేరుగా విద్యుత్తగును.

"మరి కృష్ణ నీళ్లను అంత పైకి ఎవరు మోసుకెళ్లారు?" అని పిల్ల యడిగెను. సముద్రజలమును ఆవిరిచేసి మబ్బులుగా నెత్తినవాఁడు సూర్యుఁడే. బొగ్గు, 25 కోట్ల సంవత్సరములకు పైఁబడిన నాఁటి చెట్లు దాఁచుకొన్న యెండ. గాలి, ఎండకు నేల యొకచోట ఎక్కువగాను, ఒకచోట తక్కువగాను వేఁడెక్కుటచేతఁ గలిగిన కదలిక.

తఱుగు వనరులు, తఱుగని వనరులు అను భేదమును చెప్పుటకు గృహస్థుని కథయే సాయపడినది. తాతలనాఁటి గాదెలోని ధాన్యము తీయుచుండఁగా అడుగంటును. రోజుకూలి నిత్యము వచ్చును. కాని వచ్చినంతలోనే సరిపెట్టుకొనవలెను. బొగ్గును, పెట్రోలును గాదె. ఎండయు, గాలియు కూలి. గాదెను ఊడ్చివేసి, మనుమలకు చీపురుకట్ట మిగుల్చు యజమానుని మనము మెచ్చుకొందుమా?

ఇఁక నాయనమ్మ మాట. ఆమె తిన్న యన్నమును ఎండయే. వరి యాకు ఎండను దాఁచుకొన్నది, గింజ అన్నమైనది, అన్నము ఆమె చేతుల సత్తువయైనది, ఆ సత్తువ నీటిని పైకెత్తినది. పిల్ల వ్రాసినది తప్పు కాదు.

అంతట లెక్క వేసి చూతమని తోఁచెను. మా పల్లెయింటి బావిలో నీరు పది మీటరుల లోతున నున్నదనియు, బొక్కెన పది లీటరులదనియు అనుకొంటిమి. ఒక బొక్కెడు నీటిని పైకెత్తుటకు సుమారు 980 జౌలుల పని. కరెంటు బిల్లులోని ఒక యూనిట్టు 36 లక్షల జౌలులు. భాగించి చూడఁగా, ఒక యూనిట్టుకు సుమారు 3,670 బొక్కెనలు! దినమునకు 40 బొక్కెనల చొప్పున తోడినను మూడు నెలలు పట్టును. 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె దానిని ఒక్క గంటలో త్రాగివేయును. ఇదియును నీటిని పైకెత్తిన పని మాత్రమే. ఆమె దేహము వెచ్చించినది దీనికి కొన్ని రెట్లు.

మా తల్లిగారు నలువది యేండ్లు తోడిరి. మేము ఆ నీటితో స్నానము చేసి, బడికిఁ బోయి, శక్తి రూపములను వల్లించితిమి. నీరెవరు తోడిరని యొక్కనాఁడును దలఁపలేదు. ఎఱ్ఱగీత గీసిన ఉపాధ్యాయుని తప్పుపట్టుటకు మాకేమి యధికారము? ఆ గీతను మేము చిన్ననాఁడే గీసియుంటిమి.

ఈ లెక్క విని మా తల్లిగారు, "ఓసి పిచ్చిపిల్లా, బొగ్గు పక్కన నన్ను రాశావటే!" అని నవ్విరి. కొంతసేపటికి తమ అరచేతులను దాము చూచుకొనిరి.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. పిల్లలకు శక్తిని గూర్చి చెప్పునపుడు పట్టికతో మొదలిడక, ఇంటితో మొదలిడుఁడు. కుండమీఁది మూతను ఎగురవేయు ఆవిరిని, తాటాకు చక్రమును ద్రిప్పు గాలిని, వడియములను ఎండించు ఎండను జూపుఁడు. ఇంటిలో ఎవరి చేతులు ఏ పని చేయుచున్నవో, దానినిఁ గూడ ఆ లెక్కలో చేర్చుఁడు.

గడచిన వేసవి సెలవులలో పల్లెకుఁ బోయి, బావికి మరల గిలక కట్టించితిమి. పిల్ల పది బొక్కెనలు తోడి, ఆయాసముతో గట్టుపైఁ గూర్చుండి, "నాన్నా, ఇంకా 3,660 ఉన్నాయి" అనెను. మా తల్లిగారు లేచి త్రాడందుకొనఁబోయిరి. మేము ముందుగాఁ బోయి అందుకొంటిమి.