వైరు లేని స్విచ్చు, మా జీడితోట

మాది మందస మండలంలో ఒక సవర గూడ. టెక్కలిలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నా. మా ఇంట్లో ఇంటర్ దాటింది నేనే. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి. నెట్‌వర్కింగ్ నేర్చుకోవాలంటే చేతిలో డబ్బుండాలని ఆగిపోయిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం రాస్తున్నా.

మొన్న దసరాకి ఇంటికెళ్తే నాన్న ఒక మాట అన్నాడు. విశాఖలో ఏదో నెట్‌వర్కింగ్ కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని ఆయనకెవరో చెప్పారు. ఫీజు, రూము, తిండి అన్నీ కలిపితే మా ఇంటి ఏడాది ఖర్చు. అటవీ హక్కుల పట్టా వచ్చిన భూమిలో మాకు కొద్దిగా జీడితోట ఉంది. వచ్చే పంట ముందే షావుకారికి రాసిచ్చేసి డబ్బు తెస్తానన్నాడు. మన ఊళ్ళలో ఇది కొత్త కాదు కదా. ముందు డబ్బు తీసుకున్నాక పిక్కలకి వాళ్ళు చెప్పిందే ధర. ఎనభై కిలోల బస్తాకి బయట ఎంత పలికినా మనకి సంబంధం లేదు. "మార్చి దాకా ఆగు నాన్నా, ఈలోపు నేనేం నేర్చుకున్నానో చూసి అప్పుడు నిర్ణయం చేద్దాం" అన్నాను. ఆయన ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు.

మాకు ల్యాబులో స్విచ్చులు తక్కువ. ఒక పెట్టె చుట్టూ పది మందిమి నిలబడతాం. ముందున్నవాడు కేబుల్ పెడతాడు, వెనకున్నవాడు రికార్డు రాస్తాడు. నేను ఎక్కువసార్లు వెనకే. ఇలాగైతే మార్చిలో నాన్నకి చూపించడానికి రికార్డు పుస్తకం తప్ప ఏమీ ఉండదు. అప్పుడు సీనియర్ అన్న ఒకరు ఓపెన్ వీస్విచ్ పేరు చెప్పారు.

ఒక పెద్ద సర్వర్లో పది, ఇరవై వర్చువల్ మెషీన్లు నడుస్తుంటాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడాలంటే మధ్యలో స్విచ్చు కావాలి. మెషీన్లే నిజమైన పెట్టెలు కానప్పుడు స్విచ్చు మాత్రం పెట్టె ఎందుకవ్వాలి? అది కూడా ఆ సర్వర్లోనే నడిచే ప్రోగ్రాం. అదే ఓపెన్ వీస్విచ్, పొట్టిగా ఓవీఎస్. అమెరికాలో నిసీరా అని 2007లో పెట్టిన చిన్న కంపెనీ దీన్ని తయారుచేసి 2009లో కోడ్ మొత్తం అందరికీ ఇచ్చేసింది. 2012లో లైనక్స్ కెర్నల్ 3.3లోకి దాని ముఖ్యభాగం వచ్చింది. అదే ఏడాది వీఎంవేర్ ఆ కంపెనీని 126 కోట్ల డాలర్లకి కొనేసింది. అంత పెట్టి కొన్నాక తాళం వేసేస్తారనుకుంటాం. కానీ లైసెన్సు అపాచీ 2, ఇచ్చిన కోడ్‌ని వెనక్కి తీసుకోవడం కుదరదు. 2016 నుంచి లైనక్స్ ఫౌండేషన్ కింద ఉంది. అంత పెద్ద కంపెనీ కొన్న కోడే టెక్కలి హాస్టల్లో నాకూ ఉంది, పైసా కట్టలేదు.

నా లాప్‌టాప్ సెకండ్‌హ్యాండ్‌ది, 4 జీబీ ర్యామ్. అందులో నాలుగు వర్చువల్ మెషీన్లు పెడితే ఫ్యాన్ మోత తప్ప ఏమీ రాదు. దానికి దారి నెట్‌వర్క్ నేమ్‌స్పేస్. లైనక్స్ ఒక్కటే, లోపల మాత్రం వేర్వేరు కంప్యూటర్లు ఉన్నట్టు వేర్వేరు నెట్‌వర్కులు. ఉబుంటులో ఓపెన్‌వీస్విచ్-స్విచ్ అనే ప్యాకేజీ వేశాను, రోజు డేటాలోనే అయిపోయింది. ఒక బ్రిడ్జి పెట్టి దానికి ఉద్దానం అని పేరిచ్చా. నాలుగు నేమ్‌స్పేసులకి కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస. నాలుగింటినీ ఆ బ్రిడ్జికి కలిపి, కవిటికీ సోంపేటకీ వీల్యాన్ ట్యాగ్ 10, మిగతా రెండింటికీ 20 ఇచ్చా. కవిటి నుంచి సోంపేటకి పింగ్ వెళ్ళింది. మందసకి వెళ్ళలేదు. ట్యాగులు తీసేశా, వెళ్ళింది. రూమ్‌మేట్ నిద్రలోంచి లేచి "ఏటిరా, ఏటైనాది?" అన్నాడు. అంత గట్టిగా అరిచానన్నమాట.

నాకు బాగా నచ్చింది మాత్రం లోపల పని జరిగే పద్ధతి. సీజన్లో మా అమ్మ పలాసలో జీడి ఫ్యాక్టరీకి వెళ్తుంది. ముందు పిక్క కొట్టే పని, జీడి నూనె తగిలి వేళ్ళు నల్లబడిపోయేవి. ఇప్పుడు గ్రేడింగ్‌లో ఉంది. డబ్ల్యూ 320 అంటే సుమారుగా పౌనుకి 320 గుళ్ళు తూగే సైజు, 240 అంటే ఇంకా పెద్దవి. బద్దలు వేరు, ముక్కలు వేరు, మచ్చ ఉన్నవి వేరు. కొత్తలో అమ్మ అనుమానం వచ్చిన పలుకునల్లా మేస్త్రికి చూపించేది. ఆయన చూసి ఏ ట్రేలో వెయ్యాలో చెప్పేవాడు. ఇక అలాంటిది మళ్ళీ కనిపిస్తే అడిగేది కాదు, చెయ్యే పోయేది. 

ఓవీఎస్‌లో సరిగ్గా ఇదే. కెర్నల్లో ఉన్న భాగం చెయ్యి. పైన వీస్విచ్‌డీ అనే ప్రోగ్రాం మేస్త్రి. రూల్సన్నీ మేస్త్రి దగ్గరే ఉంటాయి. కొత్తరకం ప్యాకెట్ రాగానే కెర్నల్ దాన్ని పైకి పంపుతుంది. మేస్త్రి రూల్సు చూసి, ఇలాంటివి ఈ పోర్టుకి అని కెర్నల్‌కి చెప్పేస్తాడు. తర్వాత వచ్చేవి కిందనుంచి కిందే వెళ్ళిపోతాయి. 2015లో బెన్ ఫాఫ్, ఆయనతో పనిచేసినవాళ్ళు రాసిన పేపర్లో ఇదంతా ఉంది. ఇంగ్లీషు కష్టమే, నాకు పదకొండు రోజులు పట్టింది, చదవండి.

చదివి ఊరుకోకుండా చూద్దామనుకున్నా. కవిటి నుంచి సోంపేటకి వరసగా పింగ్ పెడితే మొదటిదానికి ఎక్కువ టైం, తర్వాతవన్నీ చకచకా. మొదటిసారి ఏఆర్పీ అడ్రసు వెతకడం వల్ల కూడా లేటవుతుంది కదా అని అనుమానం వచ్చింది. ఊరికే వాడని ఫ్లోని కెర్నల్ నుంచి తీసేయడానికి ఓవీఎస్‌లో మామూలుగా ఉండే గడువు 10 సెకన్లు. ఏఆర్పీ అంత తొందరగా చెరిగిపోదు. అందుకని ఇరవై సెకన్లు ఆగి మళ్ళీ పింగ్ చేశా. మొదటిది మళ్ళీ లేటు! అడ్రసు తెలిసే ఉంది, మరి లేటెందుకు? చెయ్యి మర్చిపోయి మళ్ళీ మేస్త్రిని అడిగింది. డంప్-ఫ్లోస్ కమాండ్‌తో చూస్తే ఆ ఫ్లో పోవడం, రావడం కళ్ళముందే కనిపించింది. ల్యాబులో పెట్టె విప్పి ఇది చూడగలమా?

అమ్మకి ఫోన్లో ఇదే చెప్పా. "అంతేనా, దానికి ఇంజనీరింగ్ ఎందుకు" అంది.

ఒకటి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. దీంతో అన్నీ అయిపోవు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. అప్పుడు ఆశ్రమ పాఠశాలలో ఉన్నా, ఇంటివాళ్ళు ఎలా ఉన్నారో రోజుల తరబడి తెలియలేదు. కరెంటు స్తంభాలు పడిపోయాయి, ఫోన్లు లేవు. స్తంభం కూలితే ఏ సాఫ్ట్‌వేర్ స్విచ్చూ ఏమీ చేయలేదు. తీగలు లాగేవాళ్ళు, టవర్ నిలబెట్టేవాళ్ళు, పెట్టెలు బిగించేవాళ్ళు ఉంటేనే దాని పైన ఇది. సర్టిఫికెట్టుకి విలువ లేదని కూడా అనను, ఇంటర్వ్యూకి పిలవడానికి చాలా కంపెనీలు అదే చూస్తాయట. కానీ దానికి పరీక్ష ఫీజు ఒక్కటే కట్టుకోవచ్చు, చదువు ఇక్కడే అవుతుంది. ఆ ఫీజుకి తోట అక్కర్లేదు, వేసవిలో రెండు నెలలు పనికెళ్తే చాలు.

సంక్రాంతికి లాప్‌టాప్ ఇంటికి పట్టుకెళ్ళి నాన్నకి చూపించా. మందస అన్న పేరు తెర మీద చదివి చెప్తే నవ్వాడు. ఒక రూల్ పెట్టి ఆపడం, తీసేసి పంపడం రెండూ చేశా. ఆయన చాలాసేపు చూసి "ఈ స్విచ్చు ఎంతకి కొన్నావు?" అని అడిగాడు. ఉచితం అంటే నమ్మలేదు. షావుకారు దగ్గరకి ఇంకా వెళ్ళలేదు. జీళ్ళు పూతకొచ్చాయి, ఈసారి మంచు ఎక్కువే ఉంది, చూడాలి.

నేను చేసినవన్నీ తెలుగులో నోట్సు రాస్తున్నా, ఇరవై రెండు పేజీలయ్యాయి. టెక్కలి, పలాస హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు ఎవరైనా సరే, బ్రాంచి ఏదైనా సరే, ఆదివారం మెస్ అయ్యాక మా రూముకి రండి. లాప్‌టాప్ ఒక్కటే ఉంది, వంతులేసుకుందాం. ఈసారి వెనకాల రికార్డు రాసే పని ఎవరికీ లేదు.