అతుకు కనపడకూడదు!

శనివారం రాత్రి పది గంటలు. మోతీనగర్‌లో ఓ రెండంతస్తుల ఇంటి మేడమీద ఇంకా లైటు వెలుగుతోంది. నేలమీద పాత దుప్పటి పరిచి ఉంది. దానిమీద టైరు విప్పేసిన సైకిలు చక్రం. పక్కన స్పిరిటు సీసా, గుడ్డ పీలికలు, పసుప్పచ్చ టేపు చుట్ట. చక్రానికి అటువైపు ముప్పై ఆరేళ్ల కుర్రాడు. ఇటువైపు డెబ్బై దాటిన ఇంటి ఓనరు. గుమ్మంలో చేతులు కట్టుకుని కుర్రాడి భార్య.

అక్కడ జరుగుతున్నది చూడ్డానికి చిన్న పనే. చక్రం రిమ్ములోపల చుట్టూ ఒక టేపు అంటించాలి. అంతే! కానీ ఆ టేపు సరిగ్గా అంటకే, మూడు వారాల కిందట ఆ కుర్రాడి మోచేతికి నాలుగు కుట్లు పడ్డాయి.

గుట్ట దిగుతుంటే...

అతనిది కరీంనగర్ వైపు. ఫిల్మ్‌నగర్‌లో గ్రాఫిక్స్ పని. హీరో గాల్లోకి ఎగిరి తన్నే ఫైట్లలో, అతన్ని పైకి లాగే తాళ్లుంటాయి కదా... అవి తెరమీద కనపడకుండా ఒక్కో ఫ్రేములో చెరుపుతూ కూర్చోవడం అతని ఉద్యోగం. రోజుకి పన్నెండు గంటలు కుర్చీలోనే. ఆ కూర్చోవడం ఫలితం రక్తపరీక్షలో తేలింది. షుగరు అంచున ఉందన్నారు డాక్టరు. మందులకి ముందు ఒళ్లు వంచి చూడమన్నారు.

అలా మొదలైంది సైకిలు. మొదట ఎర్రగడ్డ దాకా, తర్వాత గచ్చిబౌలి దాకా. 2023 అక్టోబరులో అవుటర్ రింగురోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు తెరిచాక, ఆదివారం పొద్దున అక్కడికి వెళ్లకపోతే అతనికి తోచేది కాదు. ఏడాది తిరిగేసరికి షుగరు అంకె దిగింది. సైకిలు మీద మోజు మాత్రం ఎక్కింది. ఆ మోజులోనే ట్యూబ్‌లెస్ చక్రాలు కొన్నాడు. పెట్టె మీద రాసింది చదివి, టేపు తనే చుట్టుకున్నాడు. మూసీ పుట్టిన అనంతగిరి కొండలకి బయల్దేరాడు.

ఎక్కడం బాగానే ఎక్కాడు. దిగేటప్పుడు ఓ మలుపులో ముందు చక్రం మెత్తబడింది. హ్యాండిల్ మాట వినలేదు. పడ్డాడు. వెనకాల బస్సేదీ రాలేదు కాబట్టి మోచేతితో పోయింది. లేచి చూస్తే టైరుకి ముల్లు లేదు, గాటు లేదు. పుల్లలు రిమ్ములో దూరే చోటునుంచి మాత్రం తెల్లటి పాలలాంటి ద్రవం కారుతోంది!

ఇంటికొచ్చాక భార్య ఒకటే మాటంది. ‘‘గా చక్రం మీద నాకు నమ్మకం వచ్చినంకనే అది గేటు దాటాలె.’’

ట్యూబు లేకపోతే గాలెక్కడ?

మన పాత సైకిళ్లకీ రిమ్ములో ఓ పట్టీ ఉండేది, గుర్తుందా? రబ్బరుదో, గుడ్డదో. అది పోతే షాపతను పాత ట్యూబుని సన్నగా కోసి చుట్టేసేవాడు. దాని పని కాపలా మాత్రమే. పుల్లల నిపిల్ మొనలు ట్యూబుకి గుచ్చుకోకుండా అడ్డుపడితే చాలు. గాలిని పట్టి ఉంచేది ట్యూబు.

1888లో డన్‌లప్ గాలి టైరుకి పేటెంటు తీసుకున్నప్పటినుంచీ సైకిలు ప్రపంచమంతా ఇదే లెక్క మీద నడిచింది. కార్లు ట్యూబులు వదిలేసి దశాబ్దాలైనా సైకిలు వదల్లేదు. కారణం పుల్లలే! కారు చక్రం రిమ్ములో గాలి తప్పించుకుపోయే దారి ఉండదు. సైకిలు రిమ్ము అలా కాదు... పుల్లకో రంధ్రం చొప్పున సాధారణంగా 28 నుంచి 36 దాకా ఉంటాయి. చివరికి 1999లో మావిక్, హచిన్‌సన్, మిష్లాన్ కంపెనీలు కలిసి రంధ్రాలు లేని రిమ్ముతో ట్యూబ్‌లెస్ పద్ధతి తెచ్చాయి. తర్వాత మామూలు రిమ్ముకే టేపు చుట్టి, టైరులో రబ్బరుపాల ద్రవం పోసే చవక మార్గం ఊపందుకుంది. ముల్లు దిగితే ఆ ద్రవమే రంధ్రంలోకి వెళ్లి గడ్డకట్టి మూసేస్తుంది.

మనకి దీని విలువ వేరే చెప్పాలా! ఊరు దాటితే రోడ్డు పక్కన సర్కారుతుమ్మ, బాట పక్కన పల్లేరు. మన చిన్నప్పుడు కాళ్లకి గుచ్చుకున్న ఆ పల్లేరుకాయే అమెరికాలో ‘గోట్‌హెడ్’ అనే పేరుతో అక్కడి సైకిలు టైర్లని పొడుస్తోంది.

అయితే ఇక్కడే ఉంది మెలిక. ట్యూబు తీసేశాక దాని బాధ్యత సగం టేపు మీద పడుతుంది. అది ఇక కాపలా కాదు, గోడ. టైర్లో 40 పౌండ్ల గాలి ఉంటే ఒక్కో పుల్ల రంధ్రం మీద టేపు మోసే ఒత్తిడి దాదాపు కిలోన్నర బరువుతో సమానం. 32 రంధ్రాలు, పగలూ రాత్రీ, ఎండలో వానలో!

మూవియోలా చేతులు

కుట్లు విప్పించుకున్నాక కుర్రాడు మేడమీద చక్రం విప్పి కూర్చుంటే, ఓనరుగారు పైకొచ్చారు. రిమ్ములో పాత టేపుని వేలితో నొక్కి చూశారు. నొక్కిన చోట లోపలికి దిగింది. వదిలితే పైకి లేచింది.

‘‘ఇది అంటించలేదబ్బాయ్, కప్పావు’’ అన్నారు.

ఆయనది గుంటూరు జిల్లా. మద్రాసులో అసిస్టెంట్ ఎడిటరుగా చేరి, సినిమా హైదరాబాద్ వచ్చేస్తే తనూ వచ్చేసిన మనిషి. అప్పట్లో ఎడిటింగంటే కత్తెర, టేపు. 35 ఎం.ఎం. ఫిల్ము, అడుగుకి 16 ఫ్రేములు. తెల్ల గ్లౌజులు తొడుక్కుని, ఎడిటరు గుర్తు పెట్టిన చోట కోసి, రెండు కొసలూ కలిపి అటూ ఇటూ టేపు వేసేవారు. టేపు కింద గాలి బుడగ ఉంటే మూవియోలాలో ఆ చోట బొమ్మ ఎగిరేది. వదులుగా ఉంటే అతుకు ఊడేది. అలాంటి అతుకులు వేలకి వేలు వేశారాయన. 1990ల చివర్లో కంప్యూటర్లు వచ్చాక ఆ చేతులకి పని లేకుండా పోయింది.

‘‘మరి ఎట్ల అంటించాలె బాబాయ్?’’

‘‘అంటించడం తర్వాత. ముందు తుడువు.’’

రిమ్ము నడుమ పల్లంగా ఉంటుంది. రెండు అంచులూ ఎత్తుగా ఉంటాయి. కుర్రాడు మొదటిసారి టేపుని లాగకుండా పరిచాడు. అది పల్లంలోకి దిగకుండా అంచునుంచి అంచుకి వంతెనలా నిలబడింది. గాలి కొట్టగానే ఒత్తిడికి కిందికి దిగుతూ అంచుల్ని లాగేసుకుంది. ఆ సందులోంచి గాలీ, ద్రవమూ పుల్లల రంధ్రాల్లోకి! పైగా రిమ్ము వెడల్పు 21 మిల్లీమీటర్లని రాసుంటే 21 టేపే కొన్నాడు. పల్లంలోకి దిగి మళ్లీ అంచుదాకా ఎక్కాలంటే మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలిగా! ఈసారి 25 తెచ్చాడు. కరెంటు టేపుతో సరిపెట్టేయమని స్నేహితుడొకడన్నాడు. అది సాగుతుంది, ఎండకి దాని జిగురు జారుతుంది. పనికిరాదు.

పాత జిగురంతా గీకి, స్పిరిటుతో రెండుసార్లు తుడిచి ఆరనిచ్చారు. వాల్ రంధ్రానికి బెత్తెడు ఇవతల మొదలుపెట్టారు. కుర్రాడు చక్రం తిప్పుతుంటే పెద్దాయన ఒక చేత్తో టేపుని బిగువుగా లాగి పట్టుకున్నారు. రెండో చేతి బొటనవేలు టేపు నడిమధ్యన నొక్కి, అక్కణ్నుంచి అంచులకి తోసుకుంటూ వచ్చారు. ఓ చోట చిన్న బుడగ వచ్చింది. కుర్రాడు సూదితో పొడవబోయాడు.

‘‘పొడిస్తే బుడగ పోద్ది, చిల్లు ఉంటది’’ అంటూ ఆ జానెడూ వెనక్కి లేపి మళ్లీ వేశారు.

చుట్టు పూర్తయ్యాక, మొదలుపెట్టిన చోటు దాటి, వాల్ రంధ్రానికి అవతల బెత్తెడు దాకా పోనిచ్చి కోశారు. రంధ్రం మీద రెండు పొరలు వచ్చాయి. వాల్ కోసం బ్లేడుతో గాటు పెడితే, ఆ చీలిక రోజురోజుకీ పెరుగుతుంది. అందుకని దబ్బనం మొన స్టవ్వు మీద కాల్చి గుచ్చారు. అంచు కరిగి, గుండ్రంగా తెగింది.

ఆ రాత్రికి మామూలు ట్యూబు, టైరు ఎక్కించి గట్టిగా గాలి కొట్టి వదిలేశారు. తెల్లవార్లూ ట్యూబే టేపుని రిమ్ముకి ఒత్తిపెడుతుందన్నమాట.

పరీక్ష

ఆదివారం ట్యూబు తీసి, వాల్ బిగించి, టైరులో వంద మిల్లీలీటర్ల ద్రవం పోశారు. చేతిపంపు చాలదని బైకుల పంక్చర్ షాపుకి తీసుకెళ్లారు. కంప్రెసర్ గాలికి టైరు అంచులు ‘ఠప్.. ఠప్’మని రిమ్ములో కూర్చున్నాయి. షాపతను ఉలిక్కిపడి, ‘‘పేలిందా సార్?’’ అన్నాడు. పుల్లల మొదళ్ల దగ్గర సబ్బునురుగు రాశారు. ఒక్క బుడగా లేదు.

ఇంట్లో పరీక్ష వేరే ఉంది. భార్య గాలి కొలిచే గేజీ తన దగ్గర పెట్టుకుంది. ఆదివారం రాత్రి 40. సోమవారం రాత్రి 39. గురువారానికి 37. కాస్త దిగడం మామూలేనని, మూడు నాలుగు నెలలకోసారి ద్రవం ఎండిపోతుంది కాబట్టి మళ్లీ పోయాలని, మన ఎండలకి ఇంకా ముందే చూసుకోవాలని అతను చెబుతుంటే, ఆమె క్యాలెండర్‌లో గ్యాస్ బండ తేదీ పక్కనే ఆ తేదీ కూడా రాసింది.

ఆ వారంలోనే పెద్దాయన ఓసారి కుర్రాడి కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఫైటు సీను. తాళ్లు చెరిపిన షాటు, చెరపని షాటు రెండూ చూపించాడు. పెద్దాయన రెండోసారి వేయించుకుని చూసి, ‘‘అతుకు కనపళ్లేదయ్యా’’ అన్నారు. అంతకు మించి మెచ్చుకోలేదు.

తర్వాతి ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి కుర్రాడు సైకిలు కిందికి దించాడు. భార్య వెనకే వచ్చింది. గేజీ తేలేదు. వంగి, ముందు టైరుని బొటనవేలితో ఒకసారి నొక్కింది. తర్వాత వెనక టైరుని.

వెళ్లి గేటు తీసింది.