అడవి అంచున షార్ట్‌వేవ్

పాల్వంచలో థర్మల్ కేంద్రం, దాని చుట్టూ హైటెన్షన్ తీగలు. అక్కడ షార్ట్‌వేవ్ తిప్పితే స్టేషన్ కంటే బరబరే ఎక్కువ. అదే సెట్టును భద్రాచలం వంతెన దాటించి, దుమ్ముగూడెం మీదుగా చర్ల వైపు తీసుకెళ్లండి. ఇన్వర్టర్లకూ ఎల్‌ఈడీ బల్బులకూ దూరంగా, ఊరి చివర ఇప్పచెట్టు కింద పొద్దుగూకాక 49 మీటర్ల బ్యాండు పెట్టండి. తేడా మీకే తెలుస్తుంది!

ఈ పల్లెలకు ఒకప్పుడు రేడియో సరదా కాదు, అవసరం. హైదరాబాద్ ఆకాశవాణి 4800 కిలోహెర్ట్జ్‌పై పలికేది. షార్ట్‌వేవ్‌లో ఆ గొంతు మూగబోయింది. బీబీసీ హిందీ కూడా 2020 జనవరి 31తో సెలవు తీసుకుంది. అయినా బీబీసీ ఇంగ్లిషు ఉంది, చైనా రేడియో ఉంది. 10000 కిలోహెర్ట్జ్‌పై చైనా కాలసంకేతం సెకనుకోసారి టిక్కుమంటుంది.

మరి ఏ సెట్టు? టెక్‌సన్ పీఎల్‌-330 జేబులో ఇమిడిపోతుంది. హామ్‌ల ముచ్చట్లు వినిపించే ఎస్‌ఎస్‌బీ కూడా ఉంది. బ్యాటరీ మాత్రం పాత నోకియా ఫోన్ల బీఎల్‌-5సీ. అడవి పల్లెలో అది అయిపోతే అంతే సంగతులు! పీఎల్‌-310ఈటీకి ఎస్‌ఎస్‌బీ లేదు గానీ మూడు పెన్సిల్ సెల్స్ చాలు, కిరాణా కొట్లోనే దొరుకుతాయి. పీఎల్‌-660 కాస్త పెద్దది, నాలుగు సెల్స్ కావాలి. కానీ ఎస్‌ఎస్‌బీతో పాటు, తేలిపోయే స్టేషన్‌ను పట్టి నిలిపే సింక్ ఉంది. ఈ దారిలో నా ఓటు దానికే.

ఏ సెట్టయినా పది మీటర్ల తీగ కొమ్మకు వేస్తే ప్రాణం లేచొస్తుంది. దూరంగా ఉరుము వినిపించినప్పుడే విప్పేయండి. అన్నట్టు, ఇది ఛత్తీస్‌గఢ్ సరిహద్దు. చెట్టుకు తీగ కట్టి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్న కొత్త మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానమే. సర్పంచ్‌కో ఠాణాకో ముందే చెప్పి కూర్చోండి.