కత్తికి ముందు చూపు

బిడ్డ పుట్టిన ఏడవ రోజున అఖీఖా జరిపి తల వెంట్రుకలు తీయించడం మన ఇళ్లలో ఆచారం. ఆనాడు పాప తల ఆకారం అందరి కంటా పడుతుంది. తల పొడవుగా ఉన్నా, ఒక పక్కకు ఒరిగినా, నూనె రాసి నొక్కితే గుండ్రబడుతుందని పెద్దలు ధైర్యం చెబుతారు. చాలామంది పిల్లలలో అది కొద్ది నెలల్లో తనంత తానే సర్దుకుంటుంది. అందరిలోనూ కాదు.

శిశువు పుర్రె కొన్ని ఎముక పలకల కూర్పు. వాటి మధ్యనున్న అతుకులు ఎదిగే మెదడుకు చోటిస్తాయి. సుమారు 2,000 నుంచి 2,500 మంది శిశువులలో ఒకరికి ఏదో ఒక అతుకు ముందే మూసుకుపోతుంది. తల వంకరపోతుంది, కొందరిలో మెదడుపై ఒత్తిడి పెరిగి చూపుకు ముప్పు కలుగుతుంది. మర్దనతో ఆ అతుకు విడిపోదు. శస్త్రచికిత్స అవసరమైతే సాధారణంగా మొదటి ఏడాదిలోనే చేస్తారు.

మా విద్యార్థి తండ్రి ఒకరు తన చంటిపాప స్కాన్ తీసుకొని వచ్చి, “మౌలానా, ఇంత చిన్న తలపై కత్తి పెట్టనివ్వమంటారా?” అని అడిగారు. కత్తి పట్టకముందే లోపలంతా చూడడానికి వైద్యులు ఎంతగా శ్రమిస్తారో ఆయనకు వివరించాము.

వెయ్యేళ్ల క్రితం ఖుర్తుబాలో అబుల్ ఖాసిమ్ అల్ జహ్రావీ ‘కితాబుత్తస్రీఫ్’లో శస్త్రపరికరాల బొమ్మలు వేసి చూపారు. శరీర నిర్మాణం తెలియకుండా శస్త్రచికిత్సకు పూనుకోరాదని హెచ్చరించారు. నేటి మిక్స్‌డ్ రియాలిటీ ఆ తెలుసుకోవడానికే సాధనం. సీటీ స్కాన్ చిత్రాలను కూర్చి కంప్యూటర్ బిడ్డ పుర్రెకు ప్రతిరూపం తయారు చేస్తుంది. ప్రత్యేకమైన కళ్లద్దాలు ధరించిన వైద్యునికి ఎదుటి గది కనిపిస్తూనే, ఆ పుర్రె గాలిలో నిలిచినట్టు అగుపిస్తుంది. దానిని అన్ని వైపులా తిప్పి చూస్తూ, ఎముకను ఎక్కడ కోయాలో, ఏ ముక్కను ఎటు జరపాలో ముందే నిర్ణయించుకోవచ్చు. బల్లపైనున్న బిడ్డ తలమీదనే ఆ చిత్రాన్ని పరచి చూసే ప్రయత్నాలూ సాగుతున్నాయి. పసితలలో మిల్లీమీటరు తేడా కూడా చిన్నది కాదు గనుక, అది వైద్యుని అనుభవానికి తోడే గాని బదులు కాదు.

2019లో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిలో, తలలు అతుక్కొని పుట్టిన పాకిస్తాన్ కవలలను వేరు చేశారు. కాశ్మీరులో పుట్టిన డాక్టర్ ఉవైస్ జీలానీ, డాక్టర్ డేవిడ్ డనవే ఆ బృందానికి నాయకులు. మూడు ఆపరేషన్లకు 50 గంటలకు పైగా పట్టింది. దానికి సోదరి వంటి వర్చువల్ రియాలిటీలో వారు ముందే ఆ తలల లోపలి నిర్మాణాన్ని పరిశీలించారు.

ఏ అతుకు మూసుకుంది, ఎన్నో నెలలో చేయాలి, రక్తం ఎంత అవసరం కావచ్చు అని వైద్యుని నిస్సంకోచంగా అడగమని ఆ తండ్రికి చెప్పాము. దుఆ చేయడం మన బాధ్యత. వేళ మించకుండా వైద్యం చేయించడమూ మన బాధ్యతే.