ఎస్టీ అనే ఒక్క గడి

ప్రతి డిగ్రీ కాలేజీ ఏటా ఒక పట్టిక నింపాలి. ఆఖరి సంవత్సరంలో ఎంతమంది ఉన్నారు, అందులో ఆడపిల్లలెందరు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీలెందరు, ఏ గ్రూపు వాళ్ళెందరు, పాసైంది ఎందరు. 2010-11 నుంచి కేంద్రం చేస్తున్న ఉన్నత విద్యా సర్వేకి ఇలాంటి లెక్కలే కావాలి. న్యాక్ వాళ్ళకి ఇవి చాలవు, ఇంకో మాట కూడా అడుగుతారు: బయటికి వెళ్ళిన పిల్లలు ఇప్పుడెక్కడున్నారు? పై చదువుల్లో ఉన్నారా, ఉద్యోగంలో ఉన్నారా? ఆ ప్రశ్న పుణ్యమా అని ఒక కాలేజీ పట్టిక మా చేతికొచ్చింది.

అనకాపల్లి జిల్లాలో చిన్న కాలేజీ అది. పేరు ఇక్కడ అవసరం లేదు. అలాంటివి ఇంకా ఉన్నాయి, కథ అన్నిచోట్లా ఒకటే. అక్కడ పాఠం చెప్పే అబ్బాయి ఒకప్పుడు మా దగ్గర పలక పట్టినవాడు. "సార్, ఎస్టీ పిల్లల్లో చాలామంది ఫోన్లు పలకడం లేదు. మీ వైపు ఊళ్ళవాళ్ళే కదా, కాస్త కనుక్కుంటారా?" అన్నాడు. మేమంటే నలుగురం. అందరం ఆదివాసీలమే, టీటీసీ చదివి చిన్న తరగతులకి చెప్పేవాళ్ళమే. కొందరం పాడేరు వైపు కొండ మీద పుట్టాం, కొందరం కొండ కింద పుట్టాం. ఇరవై ఏళ్ళుగా గొలుగొండ, రోలుగుంట, రావికమతం, చీడికాడ వైపు బడుల్లో పనిచేస్తున్నాం. ఆ పట్టికలో ఉన్న పేర్లలో కొన్నిటిని మొదటిసారి రాయించింది మేమే. అందుకే పని మాది కాకపోయినా ఒప్పుకున్నాం.

పట్టిక చూడగానే ముందు నవ్వొచ్చింది. మా పిల్లలు ఎక్కువమంది జూన్, జులై నెలల్లోనే పుట్టారు! గూడెంలో ప్రసవం అయితే పుట్టిన తేదీ కాగితం మీదికి ఎక్కదు. బడిలో చేర్చే రోజున అయిదేళ్ళు నిండినట్టు ఒక తేదీ వేసేవారు. మేం ఉద్యోగంలో చేరేనాటికే అది పాత పద్ధతి. తర్వాత ఆధార్ వచ్చి ఆ తేదీకి ముద్ర వేసింది. కాబట్టి పట్టికలో 'వయసు' అన్న గడిని మేం పట్టించుకోలేదు. అందులో ఇరవై ఒకటి అని ఉన్నవాళ్ళలో తమ్ముడి కోసం, పశువుల కోసం, జ్వరం కోసం మధ్యలో చదువు ఆగి మళ్ళీ మొదలెట్టినవాళ్ళు మాకు తెలుసు.

తండ్రి వృత్తి: కూలీ. అందరికీ అదే. పోడు కొట్టినా కూలీయే, జీడితోట ఉన్నా కూలీయే, చెరకు నరకడానికి మైదానానికి దిగినా కూలీయే. తల్లి చదువు అన్న గడి దాదాపు ఖాళీ. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరం వచ్చిన గిరిజనులు నూటికి 49 మంది, ఆడవాళ్ళయితే 40 మంది. ఇప్పుడు డిగ్రీ పూర్తిచేస్తున్న పిల్లల తల్లులు ఆ మిగతా 60 మందిలోని వాళ్ళు. ఇదొక్కటి చాలు, ఆ ఖాళీ గడి ఎందుకు ఖాళీగా ఉందో చెప్పడానికి.

ఆ తల్లుల కూతుళ్ళే పట్టికలో మగపిల్లలకి దీటుగా కనిపించారు. ఇది మా ఒక్క చోటి మాట కాదు. 2021-22లో దేశం మొత్తం మీద కాలేజీల్లో ఉన్న గిరిజన విద్యార్థులు 27.1 లక్షలు, అందులో ఆడపిల్లలు 13.46 లక్షలు. అంటే సగానికి రవ్వంత తక్కువ. ఆశ్రమ పాఠశాలలు, 2004 తర్వాత వచ్చిన కస్తూర్బా బడులు లేకపోతే ఇది జరిగేది కాదు. హాస్టల్ అన్నం మీద ఎన్ని విమర్శలున్నా, ఆడపిల్లని పదో తరగతి దాకా పెళ్ళి మాట ఎత్తకుండా కాపాడింది ఆ గోడలే. చీడికాడ వైపు ఒక కోందు అమ్మ మమ్మల్ని చూసి అడిగింది: "ఏటి మేష్టారూ, మా పిల్ల సదువు అయిపోనాదా, ఇంకా ఉన్నాదా?" అయిపోయింది అని చెప్పాం. ఆమె నవ్వలేదు. "అయితే ఇప్పుడు ఏటి సేత్తాది?" అంది. న్యాక్ వాళ్ళ ప్రశ్న కూడా అదే కదా అనుకున్నాం.

లెక్కల్లోనే ఇంకో సంగతి ఉంది. దేశ జనాభాలో మనం 8.6 శాతం, కాలేజీల్లో 6.3 శాతం. కాలేజీ వయసున్న వాళ్ళలో అందరినీ కలిపి చూస్తే నూటికి 28 మందికి పైగా చేరుతుంటే, మనవాళ్ళు 21 మంది. ఇవి చేరినవాళ్ళ లెక్కలు. చేరడం వేరు, బయటపడడం వేరు. ఆ తేడా చూడాలంటే ఎస్టీ అనే ఒక్క గడిని విప్పాలి.

పట్టికలో ఎస్టీ అంటే ఒకే ఒక్క గడి. మన రాష్ట్రంలో గిరిజన జాబితాలో 34 తెగలున్నాయి. మా వైపే భగత, కొండదొర, వాల్మీకి, నూకదొర, కోందు, గదబ, పోర్జ ఉన్నారు. మేం నలుగురం ఒక సాయంత్రం కూర్చుని ప్రతి పేరు పక్కనా తెగ పేరు పెన్సిలుతో రాశాం. ఇంటిపేరు చూస్తే, ఊరు చూస్తే తెలిసిపోతుంది. రాసేకొద్దీ మాటలు తగ్గాయి. బడి ముందుగా వచ్చిన తెగల పిల్లలే ఆ గడిని నింపారు. గదబ, పోర్జ పేర్లు వెతికితే గానీ దొరకలేదు. కోందు పిల్లల్ని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలాయి. ఈ తెగల్లో కొన్నిటిని ప్రభుత్వమే పీవీటీజీ అని, అందరికంటే వెనకబడ్డవాళ్ళని గుర్తించింది. 2023 నవంబరు 15న పీఎం జన్‌మన్ అని పథకం కూడా పెట్టింది. కానీ కాలేజీ పట్టికలో ఆ తేడాకి చోటే లేదు. ఎస్టీ కోటా నిండింది, కాలేజీకి అది చాలు. ఇది తెగల మధ్య తగవు పెట్టడానికి అనడం లేదు. ముందు నడిచిన అన్నదమ్ములే వెనక ఉన్నవాళ్ళ పేర్లు చెప్పాలి. లేకపోతే ఇంకెవరూ చెప్పరు.

ఇంకో గీత ఉంది, అది మరీ కనపడదు. 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లా విడిపోయినప్పుడు పదకొండు ఏజెన్సీ మండలాలూ అల్లూరి సీతారామరాజు జిల్లాకి వెళ్ళాయి. అనకాపల్లి జిల్లాకి షెడ్యూల్డ్ ప్రాంతం లేకుండా పోయింది. కానీ కొండ కింది గూడేలు ఇక్కడే ఉండిపోయాయి. తాతల కాలంలో పోడు వెతుక్కుంటూ దిగివచ్చిన కుటుంబాలు అవి. మనుషులు ఎస్టీలే, ఊరు మాత్రం అయిదో షెడ్యూల్‌లో లేదు. 1/70 వాళ్ళ భూమిని కాపాడదు. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. స్థానికుడు అంటే 1950 జనవరి 26 నుంచి ఆ కుటుంబం షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉండాలి అంది. మాలో ఒకరికి ఉద్యోగం ఆ జీవో కిందే వచ్చింది. కొండ కింద పుట్టినవాళ్ళు మాత్రం ఆరు శాతంలోనే పోటీపడ్డారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. అప్పటినుంచి కొండ మీద పిల్లలూ కింద పిల్లలూ ఒకే వరుసలో నిలబడ్డారు. చిన్నప్పటినుంచీ "టీచరవుతాను సార్" అన్న పిల్లలు ఈ పట్టికలోనే ఉన్నారు. డిగ్రీలోకి వచ్చాక ఆ మాట అనడం మానేశారు.

గ్రూపుల సంగతి. మా పిల్లలు ఎక్కువగా బీఏలో ఉన్నారు. చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతి. బీఎస్సీలో ఉన్నవాళ్ళు చాలావరకు జీవశాస్త్రం ఆడపిల్లలు. నర్సు ఉద్యోగం కళ్ళముందు కనిపిస్తుంది కాబట్టి. లెక్కల గ్రూపులో మా పిల్లలు అరుదు. తెలివి లేక కాదు, హైస్కూల్లో లెక్కల మాష్టారు రెండేళ్ళు లేకపోతే ఆ దారి అక్కడే మూసుకుపోతుంది. తర్వాత ఏ కోటా దాన్ని తెరవలేదు.

పట్టికలో 'మాధ్యమం' అనే గడి దగ్గర అందరికీ ఇంగ్లీషు అని రాసి ఉంది. 2021-22 నుంచి ప్రైవేటు కాలేజీల్లో కూడా డిగ్రీ ఇంగ్లీషులోనే అన్నారు కదా. ఇంట్లో కువి మాట్లాడే పిల్లాడికి తెలుగే రెండో భాష. ఒకటో తరగతిలో "అరటిపండు" అంటే అర్థం కాక మా మొహం చూసిన పిల్లలు వీళ్ళు. 2004లో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు వేసింది, కువి, ఆదివాసీ ఒడియా కూడా అందులో ఉన్నాయి. మంచి ప్రయత్నం. అయితే మా బడుల్లో చాలామంది ఆ పుస్తకం మొహం చూడకుండానే పై తరగతికి వెళ్ళారు. తెలుగు నిలదొక్కుకునేసరికి ఇంగ్లీషు వచ్చింది. రాజ్యాంగం గురించి తెలుగులో అరగంట మాట్లాడగల అబ్బాయి పరీక్షలో అదే సంగతి నాలుగు వాక్యాలకి కుదించేస్తాడు. ఇంకెలా రాస్తాడు?

ఇక ఫోన్లు. దొరికినవాళ్ళు దొరికారు. ఒకమ్మాయి విజయనగరంలో, 2019లో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో పీజీ చేస్తోంది. ఆ ఒక్క వరుస నింపేటప్పుడు మేం నలుగురం కాగితం మీదికి వంగాం. ఇద్దరమ్మాయిలు అచ్యుతాపురంలో బట్టలు కుట్టే కంపెనీకి బస్సెక్కి వెళ్తున్నారు. కొందరబ్బాయిలు కానిస్టేబుల్ పరీక్షకి పరుగు సాధన చేస్తున్నారు. పెళ్ళయిన పిల్లలకి పట్టికలో గడి లేదు, మేమే పక్కన రాశాం.

ఫోను దొరకనివాళ్ళ కోసం ఊళ్ళకి వెళ్ళాం. ఒక గూడేనికి ఆటో సగం దూరమే వెళ్తుంది. అక్కడ తెలిసింది అసలు సంగతి. మేం వెతుకుతున్నవాళ్ళలో కొందరు డిగ్రీ పూర్తిచేసినవాళ్ళూ కాదు, మానేసినవాళ్ళూ కాదు. ఒక్క పేపరు మిగిలినవాళ్ళు. మూడేళ్ళూ చదివారు, ఆఖరి సంవత్సరం పట్టికలో పేరుంది, చేతిలో పట్టా లేదు. ఆ ఒక్క పేపరు ఎక్కువమందికి మొదటి సెమిస్టరుదే, అందులోనూ ఇంగ్లీషే.

ఒక్క పేపరే కదా, మళ్ళీ రాస్తే సరిపోతుంది అనిపిస్తుంది. అది పట్నంలో ఉన్నవాళ్ళ మాట. కోర్సు అయిపోగానే హాస్టల్ సీటు పోతుంది. ఫీజు కట్టే ఆఖరి తేదీ కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెడతారు, గూడెంలో సిగ్నల్ కోసం చింతచెట్టు దాకా వెళ్ళాలి. ఫీజు చిన్నదే, కానీ దానికి బస్సు చార్జీ, రాత్రి ఎక్కడ పడుకోవాలి అన్నది కలిస్తే పెద్దదవుతుంది. అన్నిటికంటే కష్టం కాలం. బెల్లం గానుగలు చలికాలంలో తిరుగుతాయి, అదే ఒక సెమిస్టరు పరీక్షల సమయం. జీడిపిక్కలు మార్చి నుంచి మే దాకా, అది ఇంకో సెమిస్టరు. ఏడాది మొత్తానికి ఇంట్లో డబ్బు కనిపించే రెండు కాలాలూ పరీక్షలే మింగేస్తాయి. ఇంటికి పెద్ద కొడుకైతే పరీక్ష ముఖం చూస్తాడా, పిక్కలు ఏరతాడా?

రావికమతం వైపు ఒక కోందు అబ్బాయి అలాంటివాడే. ఒకటో తరగతిలో గోడ మీద బొగ్గుతో ఎక్కాలు రాసినవాడు. వాళ్ళ ఊరి నుంచి డిగ్రీ ఆఖరి సంవత్సరం దాకా వచ్చిన మొదటి మనిషి. మమ్మల్ని చూడగానే గానుగ దగ్గర బెల్లం పాకం మరక ఉన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఒక్కటే సార్, ఇంగ్లీషు. ఈసారి రాస్తాను" అన్నాడు. క్రితంసారి కూడా అదే అన్నాడని వాళ్ళ నాన్న చెప్పాడు. తప్పు పట్టడానికి చెప్పలేదు, ఉన్నది చెప్పాడు.

కాలేజీ పట్టికలో ఇలాంటివాళ్ళు ఎక్కడా ఉండరు. పాసైన గడిలోకి రారు. మానేసినవాళ్ళకి గడి లేదు. న్యాక్ వాళ్ళ ప్రశ్న పాసైనవాళ్ళ గురించే. ఇది ఆ కాలేజీ మోసం కాదు, గీతలు అలా గీసి ఉన్నాయి. కాలేజీ వాళ్ళు ఆఖరి సంవత్సరం నుంచి లెక్క మొదలెడతారు. మనం ఒకటో తరగతి హాజరు పుస్తకం నుంచి మొదలెట్టాలి. అక్కడ ఉన్న పేరు డిగ్రీ పట్టా మీదికి వచ్చిందా, రాకపోతే ఏ తరగతిలో, ఏ పేపరు దగ్గర ఆగింది అని చూడాలి. ఆ పుస్తకం మన దగ్గరే ఉంది, ఏ సర్వే దగ్గరా లేదు.

ఇది చదివే ఉపాధ్యాయ మిత్రులకి మేం చేస్తున్నది చెప్తాం, నచ్చితే చెయ్యండి. ఒక పెద్ద నోటుబుక్కు కొన్నాం. ఊరు, తెగ, ఇంట్లో మాట్లాడే భాష, పది ఎప్పుడు, ఇంటర్ ఎక్కడ, డిగ్రీలో ఏ గ్రూపు, ఏ పేపరు మిగిలింది, ఫోను లేకపోతే ఎవరి ద్వారా కబురు చెయ్యాలి. ఆఖరి గడే అన్నిటికంటే పనికొచ్చింది. ఫీజు తేదీ రాగానే సంతకి వచ్చినవాళ్ళతో కబురు పంపుతున్నాం. ఇంగ్లీషుకి ఆదివారాలు మా బడి వరండాలో కూర్చుంటున్నారు. చెప్పేది మేం కాదు, మా దగ్గర పలక పట్టిన ఆ లెక్చరరు అబ్బాయి బస్సెక్కి వస్తున్నాడు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకూ ఒక పేపరు మిగిలి ఉంటే సిగ్గుపడి ఫోను తియ్యడం మానకండి. మీరు దొరకకపోతే మేం మీ ఊరు వస్తాం, అది మాకు అలవాటైపోయింది.

రావికమతం వైపు అబ్బాయి ఏప్రిల్ పరీక్షకి ఫీజు కట్టాడు. ఆ నాలుగు రోజులూ జీడిపిక్కలు ఏరడానికి వాళ్ళ పెదనాన్న కొడుకు ఒప్పుకున్నాడు. నర్సీపట్నంలో ఒక రాత్రి పడుకోవడానికి మాలో ఒకరి ఇల్లు ఉంది. హాల్ టికెట్ ఇంకా రాలేదు.